ఏనుగుల్ని కూర్చొని చూడాలన్న మునిరత్నమ్మ

2023 చలికాలం. హోసూరు బాగలూరు రోడ్డులో ఒక బేకరీ పైన నా ట్రావెల్ ఆఫీసు. ఫ్యాక్టరీల యజమానులు, బెంగళూరు నుంచి ఇటు వచ్చి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు నా కస్టమర్లు. నేను చేయించేది స్లో ట్రావెల్. వారంలో అయిదు ఊళ్ళు చుట్టబెట్టకుండా, మంచి చోట దిగి కొన్నాళ్ళు అక్కడే నిదానంగా ఉండటం. ఆఫ్రికా అయితే అడవిలో రెండు సఫారీ లాడ్జీలు, చివర్లో ఒక నగరంలో మకాం. లాడ్జి అంటే మన బస్టాండు పక్కన ఉండే రకం కాదు. పెద్ద గుడారంలోనే మంచం, స్నానాలగది, ముందు వరండా, అన్నీ అమర్చిన ఖరీదైన విడిది.

రాగి కోతల కాలంలో ఒక మధ్యాహ్నం మునిరత్నమ్మ మెట్లెక్కి వచ్చింది. యాభై దాటిన మనిషి. కెలమంగలం దగ్గర పల్లెలో ప్లాస్టిక్ షీట్లు కప్పిన పాలీహౌసులు వేసి గులాబీలు పండిస్తుంది. తన సంపాదన తనది.

"ఏనుగుల్ని చూడాల పాపా," అంది కూర్చుంటూనే.

"ఏనుగులు మీ ఊరికే వస్తాయి కదక్కా," అన్నాను, సంగతి తెలియక.

"వస్తాయి. నేను ఎప్పుడూ పరుగెత్తుతానే చూసినాను. చేతిలో టార్చి, నోట్లో అరుపు. నాలుగేండ్ల కిందట మా ఆయన రాగి చేనుకు కావలి పోతే తొక్కి చంపేసింది. అప్పుడూ చూసినాను. ఒక్కసారన్నా కుర్చీలో కూర్చొని, కాఫీ తాగుతా చూడాల. నా చేన్లో కాదు, దాని ఊర్లో."

కెన్యా మ్యాపు తీసి, ఎక్కడెక్కడ ఉండాలో, చివరికి నైరోబీ నగరంలో ఎందుకు ఆగాలో వివరించాను.

"ఇన్ని దినాలు ఒకే తావులో ఏం చేసేది?"

"ఏమీ చేయకుండా ఉండేదే అక్కా."

"అది నాకు రాదే," అని నవ్వింది. "సరే, నేర్చుకొనేకే పోదాం. నువ్వూ రావాల."

మొదటిసారి విదేశానికి వెళ్ళే కస్టమర్ల వెంట ఎస్కార్టుగా, అంటే తోడుగా, నేను వెళ్ళడం మామూలే. ఒప్పుకున్నాను. టికెట్లు తీశాం. బెంగళూరు వెళ్ళి, ఆఫ్రికా ప్రయాణానికి కావలసిన ఎల్లో ఫీవర్ టీకా వేయించుకొని వచ్చింది. ఆ తర్వాత ఆమె మరిది కృష్ణప్ప నా ఆఫీసుకు వచ్చాడు.

"ఏమ్మా, మా వదిన ట్రిప్పు క్యాన్సిల్ చెయ్యి."

"అక్క చెప్పిందా అన్నా?"

"ఆమె ఏం చెప్పేది? ఇంటికి మొగోణ్ణి, నేను చెప్తా ఉండాను. మా అన్నను తొక్కిన జంతువును చూసేకి సముద్రం దాటి పోతాదా? ఊర్లో మేము తల యాడ పెట్టుకునేది?"

"టికెట్టు ఆమె పేరు మీద ఉంది. ఆమె నోటితో చెప్తేనే చేస్తాను."

"నీ మాదిరోళ్ళు ఉండబట్టే ఆడోళ్ళు ఇట్లా తయారయ్యేది!" కుర్చీ వెనక్కి తోసి లేచి వెళ్ళిపోయాడు.

మునిరత్నమ్మకు ఫోన్ చేశాను. వెనక్కి తగ్గుతుందేమోనని లోపల భయమే. పూల పని మీద ఆ రోజు హోసూర్లోనే ఉందట, స్కూటీ వేసుకొని నేరుగా వచ్చేసింది. కృష్ణప్ప ఇంకా కింద బేకరీ ముందు టీ తాగుతున్నాడు. నేను మెట్ల మీదే నిలబడిపోయాను.

"నువ్వు పోయినావంటే మా గడప తొక్కొద్దు వదినా."

"మీ గడప మీరే పెట్టుకోండి కృష్ణప్పా. నాలుగేండ్లుగా పొద్దు గూకితే తలుపేసుకొని వణుకుతా కూర్చున్నాను. ఎట్లుండావు వదినా అని ఒకరోజన్నా నా గడప తొక్కినావా నువ్వు?"

టీ తాగేవాళ్ళంతా తిరిగి చూశారు. ఆమె ఎవరినీ పట్టించుకోలేదు.

ఫిబ్రవరిలో బయలుదేరాం. మొదటి లాడ్జిలో మొదటి ఉదయమే గేమ్ డ్రైవ్. జంతువుల్ని చూడటానికి లాడ్జి జీపులో తిప్పడాన్ని అలా అంటారు. దారికి అడ్డంగా ఏనుగుల మంద వచ్చింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. మునిరత్నమ్మ నా మణికట్టు పట్టుకొని సీటు కిందికి జారిపోయింది.

"తిప్పమను పాపా, బండి తిప్పమను!"

తిరిగి వచ్చేశాం. సాయంత్రం జీపు ఎక్కనంది. ముందుగానే నైరోబీ చేరుస్తానని లాడ్జి మేనేజరు మంచిమాటగానే చెప్పాడు. నాకూ అదే మేలనిపించింది.

"పోదామా అక్కా?"

"వద్దు. భయమైతే కానీ. ఈడే కూర్చొని భయపడతాను. పారిపోయి వచ్చిందని కృష్ణప్ప నవ్వాలనా?"

వరండాలోంచి చూస్తే ఎండిన మైదానం, ఎక్కడో దూరంగా చిత్తడి నేల, దానిలో బూడిదరంగు గుండ్లలా ఏనుగులు. మొదట ఆమె గుమ్మం లోపలే కూర్చుంది. మర్నాడు కుర్చీ వరండాలోకి వచ్చింది. ఆ తర్వాత మెట్ల దాకా జరిగింది. నేను తొందరపెట్టలేదు. వేరే టూరు అయితే ఈపాటికి సామాన్లు సర్దుకొని ఇంకో పార్కుకు పోతుండేవాళ్ళం.

ఒక ఉదయం మేం కాఫీ తాగుతుండగా పిల్లను వెంటేసుకొని ఒక ఆడ ఏనుగు లాడ్జి ముందున్న నీళ్ళ గుంట దగ్గరికి వచ్చింది. ఎవరూ కదలొద్దని సిబ్బంది సైగ చేశారు. మునిరత్నమ్మ కప్పు పక్కన పెట్టి కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. కానీ లేవలేదు. దాన్నే చూస్తూ, తగ్గు గొంతుతో మాట్లాడింది.

"ఏమే, మీ జాతిది నా మొగుణ్ణి చంపింది. నేను మర్చిపోలా. మర్చిపోను కూడా. అయినా ఇంక నీకు భయపడేది లేదు, పో."

ఏనుగు నీళ్ళు తాగింది, పిల్ల మీద చిమ్మింది, తన దారిన తాను పోయింది. అప్పుడు ఏడ్చింది మునిరత్నమ్మ. ఏడ్చి, చల్లారిన కాఫీ చివరిదాకా తాగి, "సాయంత్రం జీపు ఎన్ని గంటలకు?" అని అడిగింది. రెండో లాడ్జిలో ముందు సీటు ఆమెదే.

నైరోబీలో తోట ఉన్న ఒక హోటల్లో దిగాం. అడవి నిశ్శబ్దం నుంచి ఒక్కసారిగా ఇంటి గోలలో పడకుండా మధ్యలో ఈ మకాం పెడతాను. ఆమె మాత్రం పూల మార్కెట్టు చూడాలంది. గులాబీల కాడలు వేళ్ళతో కొలిచింది, రేకులు వాసన చూసింది. ఒకటి తుంచి కొప్పులో పెట్టుకుంది. నా చూపు చూసి, "ఏం పాపా, పూలు పండించేదాన్ని, పెట్టుకోకూడదా?" అంది.

ఆ పూవుతోనే పగలంతా వీధుల్లో తిరిగింది.

తిరిగి వచ్చాక కృష్ణప్ప మాట మీదే నిలబడ్డాడు. కొత్తింటి గృహప్రవేశానికి ఊరందరినీ పిలిచి ఆమెను పిలవలేదు. ఆమె కబురూ పెట్టలేదు, బతిమాలనూ లేదు. ఫోటోలు చూడటానికి మాత్రం ఊరి ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారట. "మొగుణ్ణి చంపినదాన్ని చూసేకి నీకు మనసెట్లా వచ్చిందమ్మా?" అని ఒకామె అడిగిందట. "నన్ను ఇన్నేండ్లు ఒంటిగా వదిలేసేకి మీకెట్లా వచ్చిందో అట్లే వచ్చింది," అని చెప్పానని నాతో అంది.

ఖరీదైన ప్రయాణమంటే మెత్తటి పరుపు, కోరిన భోజనం అని నా వృత్తిలో చాలామంది అనుకుంటారు. అవీ కావాలి. కానీ నిదానంగా ఉండే వీలు ఒక మనిషికి ఏమివ్వగలదో మునిరత్నమ్మ దగ్గరే నేర్చుకున్నాను. భయపడటానికి, ఆ భయంతో తలపడటానికి కూడా ఆమెకు తీరిక దొరికింది. ఆమె తరఫున ఇంకెవరో నిర్ణయించి ఉంటే ఆ తీరిక దొరికేది కాదు.

క్యాన్సిల్ చెయ్యమంటూ భర్తలు, కొడుకులు, మరుదులు ఇప్పటికీ ఫోన్ చేస్తూనే ఉంటారు. ప్రయాణం చేసే మనిషికి ఫోన్ ఇవ్వండి అంటాను. ఆమె వచ్చి మాట్లాడేదాకా లైన్లోనే ఉంటాను.