కాలవ గట్టు వెడల్పు

మా కాలవ గట్టు మీద మొదటి వారంలో పోయినవి ఇవి: నిద్రగన్నేర్లు పదకొండు, వేపలు ఏడు, కానుగలు నాలుగు, నేరేడు ఒకటి. మొత్తం ఇరవై మూడు చెట్లు. రెండు సిమెంటు బెంచీలు. పొద్దున తొమ్మిది గంటల దాకా ఉండే నీడ కూడా పోయింది కానీ, దాన్ని ఎలా లెక్కకట్టాలో నాకు తెలియదు.

విజయవాడలో ఈ గట్టును నడకదారిగా, పార్కుగా చేస్తారని విన్నప్పుడు ఎంతో సంతోషించాను. చెట్లు కొట్టకుండా దారి వేస్తామని బోర్డు మీద రాశారు. పని మొదలైన వైపు మాత్రం ఒక్క చెట్టూ మిగల్లేదు. తక్కిన ముప్పై ఏడింటికీ ఎర్రరంగు గుర్తులు పడ్డాయి. ఆ గుర్తులు ఎంచుతూ వెళుతుంటే, చివరి నిద్రగన్నేరు కింద బందరు చేపలమ్మే ఆవిడ పిలిచింది.

"ఏంటి బాబాయ్‌గారూ, రోజూ లెక్కెడతన్నారు? పిల్లల్ని పెడతయ్యా ఏంటియ్యి?"

"తగ్గకపోతే చాలమ్మా."

"ఇది పోతే నేనెక్కడ కూచోవాలండీ? ఎండలో చేప గంటాగదు."

బోర్డు మీది ప్లాను అప్పుడు శ్రద్ధగా చూశాను. రోడ్డు వైపు పార్కింగు పద్దెనిమిది అడుగులు, దారి పది, కాలవ వైపు చెట్లకు ఇరవై రెండు. మొత్తం యాభై. కూడిక తప్పు లేదు. కానీ ఆ యాభై నాకు పాత పరిచయం. నా చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన దస్తావేజులు రాస్తూ, పాత సర్వే పటాలు చూసి కొలతలు నేర్చుకున్నాను. పటంలో ఈ గట్టు వెడల్పు యాభై లింకులు. లింకంటే సర్వే గొలుసులో ఒక కడియం, ఎనిమిది అంగుళాలకు కాస్త తక్కువ. ప్లాను గీసినవారు లింకుల్ని అడుగులనుకున్నారు.

టేపు ఒక కొస చేపలావిడకిచ్చి గట్టిగా పట్టుకోమన్నాను.

"బతికున్న కొర్రమీన్నే జారనివ్వను, టేపొక లెక్కాండీ!"

ముప్పై మూడు అడుగులు. మరో నాలుగుచోట్ల కొలిచాం. అంతే. రోడ్డు వైపు నుంచి పార్కింగు, దారి పోగా చెట్లకు మిగిలేది అయిదడుగులే, అందుకే అన్నీ కొట్టేస్తున్నారు. టేపుకి చేపల వాసన వారం పోలేదు.

వార్డు మీటింగులో నేను లేవగానే ఇంజనీరుగారు నవ్వారు. "మీరు సివిలా అండీ?"

"కాదండీ, దస్తావేజులు రాస్తాను. మీ ప్లానులో యాభై అడుగులుంది. గట్టు ముప్పై మూడే. తక్కిన పదిహేడూ కాలవలో ఉన్నాయాండీ?"

హాలంతా గొల్లున నవ్వింది. ఆయన నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే స్వయంగా వచ్చి మూడుసార్లు కొలిచారు. తర్వాత ప్లాను జీపు బానెట్ మీద పరిచి, నా పెన్ను అడిగి తీసుకుని, పార్కింగు మీద అడ్డంగా గీత కొట్టారు. దారి పది, చెట్లకు ఇరవై రెండు. ముప్పై రెండు. ఇంకా అడుగు మిగిలింది!

ముప్పై ఏడు చెట్లూ నిలబడ్డాయి. ఆవిడ ఆ చెట్టు కిందే ఉంది. ఆ రోజు బలవంతంగా నా చేతిలో రెండు బొమ్మిడాయిలు పెట్టింది. అంత గర్వంగా నేనెప్పుడూ ఇంటికి నడవలేదు.

పోయిన ఒక్కోదానికి రెండేసి చొప్పున నలభై ఆరు మొక్కలు నాటతామని ఇంజనీరుగారు అక్కడే కాగితం రాసిచ్చారు. నలభై నాటారు, ఎనిమిది ఎండిపోయాయి. బతికినవి ముప్పై రెండు. ఈ పొద్దున కూడా ఎంచాను. ఇంకా రావలసినవి పద్నాలుగు.