రిసీవర్ నా జేబులో ఉంది

దెయ్యాలున్నాయంటే నేను నవ్వేవాణ్ణి. షార్జాలో కంప్యూటర్లు బాగుచేసి బతికినవాణ్ణి. ఏ మిషన్ తిక్కగా చేసినా దానికో కారణం ఉంటుంది, దొరక్కపోతే మనం సరిగా వెతకలేదనే అర్థం. ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం నా వాదన సాగదు.

అందరి చేతుల్లో స్మార్ట్ ఫోన్లు ఇంకా లేని రోజులు. ఇండస్ట్రియల్ ఏరియాలో వెల్డర్‌గా చేసే మా అన్నయ్యకు షుగర్ వల్ల చూపు పోయింది. వీసా కాగితాలు తేలేదాకా నా గదిలోనే ఉన్నాడు. అమలాపురం దగ్గర మా ఊళ్ళో వదిన చెబుతుంటే కూతురు టైపు చేసి మెయిల్ పంపేది. అవి చదివి వినిపించడానికి నా పాత కంప్యూటర్లో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, తెలుగు చదివే గొంతు పెట్టాను. గదిలో నలుగురం. పెళ్ళాం మాటలు అందరి ముందూ ఏం వింటాడు? అందుకే వైర్‌లెస్ హెడ్‌సెట్ కొన్నాను.

దాన్ని దారికి తేవడానికి రెండు శుక్రవారాల సెలవు పట్టింది. ఏం చేసినా గొంతు స్పీకర్లోంచే వచ్చేది. చివరికి హెడ్‌సెట్లో పలికిన రోజు అన్నయ్య గోడవైపు తిరిగి పడుకుని ఒకే మెయిల్ నాలుగుసార్లు విన్నాడు.

ఒక ఉదయం వదిన తమ్ముడు ఫోన్ చేశాడు. వదిన నిద్రలోనే పోయింది.

"బావకి ఇప్పుడే సెప్పకండి, తట్టుకోలేడు. ఒంట్లో బాలేదని సెప్పి తీసుకొచ్చెయ్యండి," అన్నాడు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి చావు కబురు ఇలాగే దాస్తారు. నేనూ ఎందరి దగ్గరో దాచాను.

ఎవరైనా మెయిల్ పెడతారేమోనని కంప్యూటర్ ఆపేశాను. హెడ్‌సెట్‌కి మాట అందించే గోరంత రిసీవర్ పీకి చొక్కా జేబులో వేసుకున్నాను. అది లేకుండా ఆ హెడ్‌సెట్ దేనితోనూ పలకదు. అన్నయ్య ఫోను కూడా నేనే తీసుకున్నాను. మిషన్ పాడైందన్నాను, వదినకు జ్వరమన్నాను, టికెట్ కోసం కిందికి దిగాను. మిగతావాళ్ళు అప్పటికే డ్యూటీకి పోయారు. గదిలో అన్నయ్య ఒక్కడే.

సాయంత్రం ఎయిర్‌పోర్టుకు పోయే టాక్సీలోనూ నేను ఆగలేదు. జ్వరం తగ్గిందట, గంజి తాగిందట. అన్నయ్య ఊ కొడుతూ కూర్చున్నాడు. కాసేపటికి మెడలోని హెడ్‌సెట్ తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"ఇంక సాల్లేరా. నువ్వు కిందకి దిగ్గానే ఇందులో సెప్పేసింది. నువ్వెట్టిన మిషను గొంతే. మీ వదిన తెల్లారగట్ట పోయిందంట. నేను కొన్న ఆకుపచ్చ సీర కడతన్నారంట."

చీర సంగతి నాకే తెలియదు. ఊరు చేరాక చూశాను. ఆకుపచ్చదే.

తిరిగొచ్చి ఆ కంప్యూటర్ అంతా వెతికాను. నేను ఆపేశాక అది మళ్ళీ వెలిగిన గుర్తు ఎక్కడా లేదు. ఎలా పలికిందో ఇప్పటికీ చెప్పలేను. వెతకడం కూడా మానేశాను.

కానీ ఆ టాక్సీలో అన్నయ్య నా చెయ్యి పట్టుకుని చివరగా అన్న మాట ఇన్నేళ్ళయినా నన్ను నిద్రపోనివ్వదు.

"నువ్వు సెప్తే ఏడుద్దామని పొద్దుట్నించీ సూత్తన్నానురా."