పసుపు పూసిన పుస్తకం

నక్సలైట్ల కాలంలో ఓసారి జగిత్యాలలో బస్సెక్కి ధర్మపురి వెళ్లాను. ఏనాటి రాజో రాయించిన విజ్ఞాన సర్వస్వం తొలి అచ్చు ప్రతి అక్కడో పూజారి గారింట్లో ఉందని విన్నాను.

పూజారి గారి భార్య దాన్ని దేవుడి గూట్లోంచి తీసిచ్చింది. అట్ట నిండా పసుపు, కుంకుమ బొట్లు. అంత అరుదైన పుస్తకాన్ని అలా చూసి ప్రాణం ఉసూరుమంది.

"అన్నల పుస్తకాలున్నయేమోనని పోలీసోళ్లు ఇంట్లున్న పుస్తకాలన్ని జీపుల ఏసుకపోయిండ్రు బిడ్డా," అందామె. "దీనికైతే బొట్లు వెట్టి దేవుని పక్కన వెట్టిన. బూట్లిడిసి మొక్కిపోయిండ్రు."

నేనూ కళ్లకద్దుకుని తెరిచాను. సరిగ్గా చేపలు వండే అధ్యాయం వచ్చింది. గబుక్కున మూసేయబోయాను.

"నాకెరుకనే తియ్యి," అని నవ్విందామె. "దేవునికి గూడ ఎరుకనే. పోలీసోళ్లకే ఎరుకలేదు."