బందరు బడి ఫోటో మీద మచ్చలు

చలిదేశంలోని నేవన్ ఊళ్లో దత్తాత్రేయ అంటే ఎవరని అడుగుతారేమోగానీ, ఫోటోల దత్తు అంటే తెలియని తెలుగువాళ్లు లేరు. వారమంతా కంపెనీ సాఫ్ట్‌వేరుతో కుస్తీ, శని ఆదివారాలు పాత ఫోటోలతో కాపురం. పుట్టిపెరిగిన బందరులోని బళ్లు, మునిసిపల్ సభలు, జెండా వందనాలు ఎవరి అట్టపెట్టెలో ఉన్నా తెప్పించి, తుడిచి, స్కాన్ చేసి వెబ్‌సైట్లో పెడతాడు. ముందు తుడవడం, తర్వాతే స్కాన్. పని శుభ్రంగా చేస్తాడన్న పేరుంది. ఆ పేరే కొంప ముంచింది.

నేవన్‌లోనే ఉంటున్న డాక్టర్ విమలదీ బందరే. పోయినేడాది కన్నుమూసిన తండ్రి కామేశ్వరరావు మాస్టారి పెట్టెలోంచి ఓ ఫోటో తెచ్చి అతని చేతిలో పెట్టింది. డెబ్భై ఏడు నాటి నాలుగో తరగతి, నలభై రెండు మంది పిల్లలు. మరో కాపీ లేదు.

కొందరి నుదుళ్ల మీద గోధుమరంగు మచ్చలున్నాయి. పదేళ్లుగా అద్దెయింటి గోడల మీద చెమ్మకు పట్టే బూజు తుడిచీ తుడిచీ విసిగిన మనిషికి ఏ మచ్చయినా బూజులాగే కనిపిస్తుంది. దూది తడిపి, ఒక్కటీ మిగలకుండా తుడిచేశాడు.

మెచ్చుకుంటుందనుకుని ఆదివారం ఫోటో తీసుకెళ్లి ఇచ్చాడు. విమల కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బొట్లేవి దత్తూ?"

అప్పుడు చెప్పింది. ఆ నవంబరు ఉప్పెనలో, సెలవుకని దివి పల్లెలకెళ్లిన పిల్లల్లో పదకొండు మంది తిరిగి రాలేదు. పోయినవాళ్ల పటానికి పెట్టినట్టే, మాస్టారు వాళ్లందరికీ కుంకుమ పెట్టారు. ఏటా ఆ రోజున ఒక్కో బొట్టు మీద వేలుంచి పేరు పిలిచేవారు. ఇన్నేళ్లకు కుంకుమ రంగు మారింది.

"పేర్లు నాకు నోటికొచ్చు. మొహాలు మాత్రం బొట్టును బట్టే తెలుసు. నేనప్పటికింకా పుట్టలేదుగా."

దత్తు బందరులో వాకబు చేశాడు. ఆ తరగతి వాళ్లను ముగ్గురిని ఫోన్లో పట్టుకుంటే ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. ఒకాయనైతే బతికున్న స్నేహితుణ్ణే పోయాడని చూపించాడు.

విమల తిట్టలేదు. తిడితే బాగుండునని అతను చాలాసార్లు అనుకున్నాడు. ఆసుపత్రి కాగితం మీద పదకొండు పేర్లూ రాసిచ్చింది.

"ఫోటో కూడా నీ దగ్గరే ఉంచు. నేను చూడలేను."

నవంబరు పంతొమ్మిది వచ్చింది. నాలుగున్నరకే చీకటి పడింది. దత్తు ఫోటో ముందు కూర్చుని, ఉంగరపు వేలికి కుంకుమ అద్దుకుని, మొదటి పేరు పిలిచాడు.

"త్రినాథ్."

వేలు ఫోటో దాకా వెళ్లి ఆగిపోయింది. బతికున్నవాడి నుదుట పెడితేనో? అతనికి భయం వేసింది. పదకొండు పేర్లూ పిలిచాడు. ప్రతి పేరుకూ నలభై రెండు మంది పిల్లలూ అతనివైపే చూశారు. వేలి మీది కుంకుమ అలాగే ఉండిపోయింది.