నేను కలిపిన తప్పు ద్రావణం

సిద్దిపేటలో ఫార్మసీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో సంగతి. ఆ రోజు ల్యాబులో, మందు పొడిలో అసలు మందు ఎంతుందో తేల్చే ప్రయోగం. దానికి కావలసిన ద్రావణాన్ని పొద్దున్నే నేనే కలిపి పెట్టాను.

మధ్యాహ్నానికి రికార్డు పుస్తకాలన్నీ నా బల్ల మీదికి వచ్చాయి. ద్రావణం ఎంత పట్టిందో చెప్పే రీడింగు అందరిదీ అచ్చు గుద్దినట్టు ఒక్కటే. చిన్నకోడూరు నుంచి బస్సులో వచ్చే అమ్మాయిది మాత్రం చాలా ఎక్కువగా ఉంది. నాకు ఒళ్లు మండింది. మళ్లీ చెయ్యమన్నాను. చేసింది. మళ్లీ అంతే.

"అందరికీ వచ్చింది నీకెందుకు రాదు?" అని కసిరాను.

"అందరి సంగతి నాకు తెల్వదు సార్. నాకైతే ఎన్నిసార్లు చేసినా గింతే వస్తుంది. రానిది వచ్చిందని ఎట్ల రాయాలె?"

ద్రావణాన్ని చుక్కలుగా వదిలే బ్యూరెట్ గొట్టాన్ని విసురుగా అందుకుని నేనే చేశాను. నాకూ అంతే వచ్చింది. నేను కలిపిన ద్రావణమే పలచనైంది, అందుకే ఎక్కువ పట్టింది. మిగతావాళ్లంతా సీనియర్ల రికార్డు చూసి ఎక్కించారు. చదువుకునే రోజుల్లో నేను చేసిందీ అదే.

అప్పటినుంచి ప్రతి బ్యాచ్‌కూ ఒకసారి, చెప్పకుండా, ద్రావణం కావాలనే పలచగా కలుపుతున్నాను. మొదట్లో ఒకరో ఇద్దరో పట్టుకునేవారు. మొన్న సోమవారం సగం క్లాసు నా బల్ల చుట్టూ మూగింది.

"మీరు కలిపిందే తప్పున్నది సార్!"

చూస్తే వాళ్లు చెప్పిందే నిజం. ఆ రోజు తప్పు నేను కావాలని చేసింది కాదు.