శివుడి పెళ్ళిలో మా వైపు

మొన్న పామర్రులో ఒక పెళ్ళికి వెళ్ళి, భోజనాల దగ్గర పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటే, పక్కనున్న అమ్మాయి పాపం మర్యాదగానే, నేను ఆడపెళ్ళివారి తరఫా మగపెళ్ళివారి తరఫా అని అడిగింది. ఆ హాల్లో ఎవరు ఎవరి వైపో చెప్పడం నిజంగానే కష్టం. ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు, పప్పులో ఉప్పు తక్కువైందని ఏ వియ్యపురాలూ మూతి ముడుచుకోలేదు, అందరూ నవ్వుతూ ఫొటోలు దిగి, చేతులు కడుక్కుని, కార్లెక్కి వెళ్ళిపోయారు. మంచిదే, కాదనను. కానీ మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఇలాంటి పెళ్ళి చప్పగా ఉంటుంది, ఎందుకంటే పెళ్ళంటే ఏమిటో మేము శివుడి పెళ్ళిలో నేర్చుకున్నాం.

మాది దివిసీమలో అవనిగడ్డ దాటాక కాలువ గట్టున ఉన్న ఊరు. మా శివాలయం ఎంత పాతదో మా తాతలకే తెలియదు. ధ్వజస్తంభం దగ్గర ఒక రాతి మీద ఏవో అక్షరాలు ఉండేవి గాని, తరతరాల పిల్లలు ఆ రాయి ఎక్కి జారి జారి సగం అరగదీశారు, అందులో నా వంతు కూడా ఉంది. కాలువ ఊరిని రెండుగా చీలుస్తుంది. తూర్పు గట్టున పుట్టినవాళ్ళందరూ, నాతో సహా, అమ్మవారి వైపు, పడమటి గట్టున పుట్టినవాళ్ళందరూ స్వామివారి వైపు. ఇది ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, మార్చాలని ఎవరికీ తోచలేదు.

శివరాత్రి వెళ్ళాక కల్యాణం జరిగేది, దానికి ముందురోజు సాయంత్రం ఎదుర్కోలు. స్వామివారు నంది వాహనం మీద పడమటి గట్టునా, అమ్మవారు పల్లకిలో తూర్పు గట్టునా ఊరేగి వచ్చి, కాలువ వంతెనకి చెరో కొసనా ఆగేవారు. అక్కడ మొదలయ్యేది అసలు సంబరం. ఇటువాళ్ళు ఒక మాట అంటే అటువాళ్ళు జవాబు చెప్పాలి, మాటకి మాట దొరకనివాళ్ళు తమ దేవుణ్ణి మోసుకుని ముందుగా వంతెన దాటి అవతలివాళ్ళ దగ్గరికి రావాలి. పాపం స్వామివారి వైపువాళ్ళు ఏటా ఓడిపోయేవారు. ఒంటినిండా బూడిద, మెడలో పాము, ఎక్కడానికి ముసలి ఎద్దు, కాపురం శ్మశానంలో, ఇలాంటి పెళ్ళికొడుకుని వెనకేసుకుని ఎవరు మాత్రం ఎంతసేపు నెగ్గగలరు! ఈ సంబంధంలో ఉన్న ఒకే ఒక్క సుఖం అత్తగారు లేకపోవడమేనని మా వైపు ఆడవాళ్ళు ఏటా అనేవారు, ఏటా అందరూ కొత్తగా విన్నట్టు నవ్వేవారు.

ఈ వేళాకోళంలో ఒక గడుసుతనం కూడా ఉండేది. ఏడాదంతా మొహం మీద అనలేనివి ఆ సాయంత్రం దేవుడి పేరు పెట్టి అనేవారు. ఒక ఏడు మా వైపు రైతు ఒకాయన, స్వామివారు గంగమ్మని నెత్తిన బిగించి కూర్చుని కింది చేలకి చుక్క వదలడం లేదట, నిజమేనా అని అడిగాడు. అవతలి గట్టున నవ్వనివాడు ఒక్కడే, మర్నాడు పొద్దున్నే వెళ్ళి చేలకి నీళ్ళు పారే బోదెకి వేసిన అడ్డుకట్ట తీసేసినవాడూ అతడే. దేవుడి మీద పెట్టి అన్న మాటకి ఎవరూ కోపం తెచ్చుకోకూడదు, అది కూడా కట్టుబాటే.

అమ్మవారి వైపు మాట్లాడే మనిషి మా నాన్న. గొంతు అవనిగడ్డ దాకా వినిపించేది. నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని మరీ స్వామివారిని దులిపేసేవాడు, నేను ఆయన జుట్టు పట్టుకుని పడీ పడీ నవ్వేదాన్ని. అలాంటిది నాకు పెళ్ళీడు వచ్చేసరికి తీసుకెళ్ళి పడమటి గట్టున, అందులోనూ స్వామివారి వైపు మాట్లాడే పెద్దమనిషి ఇంట్లోనే ఇచ్చాడు. మా మావగారు నెమ్మది మనిషి. ఆయనకి జవాబు తట్టకపోవడం ఉండదు, కాకపోతే మర్నాడు తట్టేది. ఇక మా అత్తగారు నోరున్న మనిషని రెండు గట్లకీ తెలుసు.

కూతురికి బిడ్డ పుట్టేదాకా తండ్రి ఆ ఇంట మంచినీళ్ళు ముట్టకూడదని మాకు పట్టింపు. నా పెళ్ళయ్యాక నాన్న ఒక్కసారి కూడా కాలువ దాటి రాలేదు. నేను మాత్రం రేవులో బట్టలు ఉతుక్కుంటూ తలెత్తితే అవతల మా ఇంటి పెంకుల కప్పు కనిపించేది. కనిపించకపోయినా బాగుండేదేమో. కొత్తలో ఒకరోజు దాన్ని చూస్తూ ఏడ్చేశాను, అది ఎవరో చూసి వెళ్ళి నాన్నకి చెప్పారు. అత్తగారి నోటికి ఈ కన్నీళ్ళని జతచేసి ఆయన ఏమేమి ఊహించుకున్నాడో గాని, వియ్యాలవారిని నిలదీసి అడగలేడు, కబురు పెట్టి నన్ను అడిగితే నేను నిజం చెబుతానన్న నమ్మకమూ లేదు. ఎదుర్కోలు వచ్చేదాకా ఆ దిగులు దాచుకున్నాడని అమ్మ నాకు తరవాతెప్పుడో చెప్పింది.

ఆ ఏడు మొదటిసారి నేను పడమటి కొసన, పానకం బిందెల దగ్గర, అత్తగారి పక్కన నిలబడ్డాను. నాన్న ఎప్పటిలాగే బూడిద దగ్గర మొదలుపెట్టాడు, పాము దగ్గరికి వచ్చాడు, ఎద్దుని కూడా వదల్లేదు. మా మావగారు ఎప్పటిలాగే తడుముకుంటున్నారు. ఉన్నట్టుండి నాన్న గొంతు మారింది.

“ఇయ్యన్నీ ఎప్పుడూ ఉన్నయ్యే గానండీ, ఇంకో మాటు మా పిల్లనిచ్చే ముందు ఒక్కటడుగుతాను. నిరుడిచ్చిన పిల్ల మీ ఇంట్లో నవ్వుతోందా, ఏడుస్తోందా?”

అడుగుతున్నది అమ్మవారి గురించి కాదని రెండు గట్లవాళ్ళకీ తెలిసిపోయింది. మావగారు తల దించుకున్నారు, అత్తగారి మొహం కందగడ్డయింది. నేను పలక్కపోతే ఆ మాట అలాగే ఉండిపోతుంది, మా అత్తగారు కోడల్ని ఏడిపించిన మనిషిగా ఊళ్ళో మిగిలిపోతుంది, నాన్న ఆ దిగులుతోనే ఇంటికి వెళ్తాడు. ఎదుర్కోలులో ఆడవాళ్ళు గుంపులోంచి నవ్వులాటకి ఒక మాట విసరడమేగాని ముందుకొచ్చి జవాబు చెప్పింది లేదు. అయినా బిందె వదిలేసి ముందుకి వచ్చాను.

“సగం ఒళ్ళే రాసిచ్చినవాడి ఇంట్లో ఏడుపెందుకండీ? మొదట్లో పుట్టింటి మీద బెంగతో ఏడ్చిన మాట నిజమే. ఇప్పుడు లేదు. పెరుగు మీద మీగడ కూడా అత్తగారు తీసి మీ పిల్లకే పెడుతున్నారు.”

ఆవేశంలో అనేశాను గాని, అన్నదేమిటో నాకు తట్టనే లేదు. తట్టింది నాన్నకే. ఆయన కళ్ళు తుడుచుకుంటూనే నవ్వడం మొదలుపెట్టాడు.

“శివుడికి తల్లెక్కడిదమ్మా, మీగడ పెట్టడానికి?”

గట్లు రెండూ గొల్లుమన్నాయి. నేను సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకున్నాను, స్వామివారు ఆ ఏడు కూడా ఓడిపోయినట్టే. అప్పుడు మా అత్తగారు చేతిలో పానకం గ్లాసుతో నన్ను దాటి వంతెన కొసకి నడిచి వెళ్ళింది.

“ఎందుకు లేదండీ అన్నయ్యగారూ, నేను లేనూ?”

మా నాన్న జన్మలో మొదటిసారి మాట దొరక్క నిలబడ్డాడు, అంత సంతోషంగా ఓడిపోయిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. కండువా నడుముకి చుట్టి, పల్లకి బొంగు కింద తనే భుజం పెట్టి, అమ్మవారిని మోసుకుంటూ వంతెన దాటి వచ్చాడు. అత్తగారు ఇచ్చిన గ్లాసు అందుకుని ఒక్క క్షణం ఆలోచించాడు, అది స్వామివారి పానకమేగాని కూతురి ఇంటిది కాదు గనక గటగటా తాగేసి, ఇంకో గ్లాసు అడిగాడు. ఆ రెండో గ్లాసు నేను పోశాను. ఆ మర్నాడు మావగారికి చక్కటి జవాబు ఒకటి తట్టింది గాని, అప్పటికి తాళి కట్టడం కూడా అయిపోయింది.

ఇప్పటికీ ఎదుర్కోలు జరుగుతోంది. రెండువైపుల మాటలూ మైకులో ఒకాయనే చెబుతాడు, బాగానే చెబుతాడు, పావుగంటలో అయిపోతుంది. తూర్పు గట్టువాళ్ళు గుడివాడలోనూ పడమటి గట్టువాళ్ళు బందరులోనూ ఇళ్ళు కట్టుకున్నాక ఎవరు ఎవరి వైపో చెప్పేవాళ్ళు కూడా తగ్గిపోయారు. తండ్రులు మాత్రం కూతుళ్ళకి రోజూ ఫోను చేస్తున్నారు, బాగున్నావా అమ్మా అంటే బాగున్నాను నాన్నా అంటున్నారు, ఆ మాట ఇద్దరి మధ్యే ఉండిపోతోంది. మా నాన్న నన్ను జన్మలో ఒక్కసారే అడిగాడు, అదీ ఊరంతా వింటుండగా. ఆ తరవాత మా అత్తగారు బతికినన్నాళ్ళూ, ఎదుర్కోలు సాయంత్రం ముందుగా ఒక గిన్నెడు మీగడ నా చేతికిచ్చి, మీ నాన్న అడిగేలోగా తినేయమ్మా అనేది.