గాజు నెగెటివ్ మీద బొట్టు

ఈ రోజు పొద్దున ఆదోనిలోని నా స్టూడియోకు కౌతాళం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. చనిపోయిన కూతురి ఫోటో వేసిమ్మంది. ఎమ్మిగనూరు ఫోటోగ్రాఫరు అంగడి ఎత్తేస్తూ ఇచ్చిన గాజు నెగెటివ్ తప్ప ఆ పిల్ల గుర్తుగా ఇంకేమీ లేదట.

మూట విప్పి నెగెటివ్‌ను వెలుతురుకు పట్టి చూశాను. ముఖమంతా మసక. నుదుటి దగ్గర మాత్రం ఎర్రటి మరక, తుడిచినా పోనంతగా గాజు మీది బొమ్మ పొరలోకి ఇంకిపోయి ఉంది.

“దినామూ మొగం తడిగుడ్డతో తుడిచి తడికుంకుమ పెడతాంటినప్పా. ఆడపిల్ల కదా, బోసి నొసలుతో ఎట్ల పెట్టుకునేది?” అంది.

కోపం వచ్చింది. ఎవరి మీద చూపించను?

ఫోటో అచ్చు వేసే పల్లేడియం ద్రావణం సీసా అడుగున కాస్తే మిగిలింది. అందులో కొంత కాగితానికి పూసి, నెగెటివ్ కింద పెట్టి ఎండలో ఉంచాను. ముఖం తేలలేదు. నలుపు తెలుపుల తేడా పెంచే మందు ఒక చుక్క కలిపి మళ్లీ వేశాను. ఆ తర్వాత ఇంకో చుక్క. ముఖం మసకగానే ఉండిపోయింది. ఎర్రమరక వెలుతురును ఆపేయడం వల్ల నుదుటి మీద తెల్లటి చుక్క మాత్రం ప్రతిసారీ ఇంకా స్పష్టంగా వచ్చింది.

“బొట్టు తెల్లగైందేమప్పా?” అని కాసేపు దాన్నే చూసింది. “పోనీలే, రేపొస్తా. ఎండ బాగ కాస్తే మొగం కనపడతాదేమో.”

“రా పెద్దమ్మా,” అన్నాను.

ద్రావణం అయిపోయిందని, సీసా కడిగిన నీళ్లు కూడా ఆ చివరి కాగితానికే పూశానని చెప్పలేకపోయాను. మీరైతే చెప్పగలిగేవారా?